కంప్యూటర్ ఎందుకని అడిగిన పాపానికి

కొత్తగా కంప్యూటర్ లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి సలహా అడుగుతుంటారు. జీతం నెలనెలా ఇస్తారా, యాజమాన్యం ఎట్లాంటిది, సెలవులు దొరుకుతాయా అని టీ తాగుతూ అడుగుతారు. విద్యార్థుల గురించి మాత్రం గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అడుగుతారు. అది గుమ్మంలో నిలబడి చెప్పే జవాబు కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను పనిచేసింది నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. పేరు చెప్పను. ఇప్పుడు ఆ స్థలంలో ఫంక్షన్ హాలు ఉంది. తొంభైల మొదట్లో అక్కడ కంప్యూటర్ విభాగం పెట్టిన రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆ విభాగానికి నేనే అధిపతిని. ప్రమోషన్ల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. మొదటి రోజే అధిపతినయ్యాను, ఎందుకంటే విభాగంలో నేను తప్ప ఇంకెవరూ లేరు.

అంతకు ముందు నేను లెక్కల లెక్చరర్ని. ఒకరోజు స్టాఫ్ మీటింగులో మా కరస్పాండెంటు గారు, అంటే కాలేజీ యజమాని, "మీల టైపు ఎవరికొస్తది?" అని అడిగారు. సికింద్రాబాద్‌లో మా చర్చి పక్కనే టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. సంఘంలో ఆడపిల్లలందరం పెళ్లికి ముందు అక్కడ టైపు హయ్యర్ పరీక్ష పాసవ్వడం ఆనవాయితీ. అమాయకంగా చెయ్యెత్తాను. "అయితే మేడం, రేపటి సంది మీరు కంప్యూటర్స్" అన్నారాయన. వేసవి సెలవుల్లో ఏదో కోర్సుకు పంపారు. తిరిగొచ్చాక, పుస్తకంలో పిల్లల కంటే ఒక పాఠం ముందు ఉంటూ ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చాను. ఇది చదివి ముఖం చిట్లించకండి. మీరూ అదే చేస్తారు, కాకపోతే బయటికి చెప్పరు.

అద్దాల గది

కరస్పాండెంటు గారికి అంతకు ముందు సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం ఉండేది. చదువును కూడా ఆయన బట్టల బేరంలాగే చూసేవారు. ఇది నేను వేస్తున్న నింద కాదు, ఆయనే గొప్పగా చెప్పుకునేవారు. కాలేజీ కింది అంతస్తులో రోడ్డు వైపు అద్దాల గది కట్టించి, కొత్తగా కొన్న రంగుల మానిటర్ల కంప్యూటర్లన్నీ అందులో వరసగా పెట్టించారు. ఏసీ, తివాచీ, గుమ్మం బయట చెప్పుల స్టాండు అన్నీ ఉన్నాయి. ఒక్కటే నియమం. ఆ కంప్యూటర్ల ముందు ఎవరూ కూర్చోకూడదు.

"వాడితే ఖరాబైతయి మేడం" అన్నారు నేను అడిగినప్పుడు. "గిరాకీ అద్దంలకెల్లి చూసి లోపటికొస్తది. షోరూముల బొమ్మకు కట్టిన చీర మనం ఎవరికన్న అమ్ముతమా?"

పిల్లలు నిజంగా నేర్చుకునే ల్యాబు రెండో అంతస్తులో ఉండేది. అక్కడ ఫ్యాన్లు, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, ఒక్కో మెషీనుకు ముగ్గురు పిల్లలు. ఒకడు కీబోర్డు కొడితే, ఇంకొకడు కాగితం చూసి చదివేవాడు. మూడోవాడి పని కరెంటు పోయినప్పుడు తిట్టడం. ప్రోగ్రామ్ మొత్తం ముందు కాగితం మీద రాసి, నాచేత ఎర్ర సిరాతో టిక్కు పెట్టించుకుంటే తప్ప మెషీను ముట్టనిచ్చేదాన్ని కాదు. ఈ పద్ధతిని చూసి ఇప్పటివాళ్లు నవ్వుతారు. కానీ ముట్టుకునే ముందు ఆలోచించే అలవాటు ఆ పిల్లలకు అబ్బింది, నవ్వే వాళ్లకు అబ్బలేదు.

దేశసేవ

సీట్లకంటే అప్లికేషన్లు ఎక్కువ వచ్చేసరికి ఇంటర్వ్యూ పెట్టారు. అడిగేది ఒకటే ప్రశ్న: "నువ్వు కంప్యూటర్ ఎందుకు చదవాలనుకుంటున్నావు?" బాగా చెప్పిన జవాబును ఫొటోతో సహా కాలేజీ బ్రోచర్‌లో వేస్తారు. ఇంటర్వ్యూ చేసేది ముగ్గురం. కరస్పాండెంటు గారు, నేను, మూడో కుర్చీలో బయటి నిపుణుడు. ఆ నిపుణుడు ఎవరంటే, మాకు కంప్యూటర్లు అమ్మినాయన.

మొదటి ఏడాది జవాబులు వినసొంపుగా ఉండేవి. మెడిసిన్ సీటు రాలేదని ఒకమ్మాయి చెప్పింది. ఎండలో తిరగని కొలువు కావాలని ఇంకొకడన్నాడు. "మా బావ చదివిండు మేడం, ఆయనకు మస్తు ఇజ్జత్ ఇస్తున్నరు ఇంట్ల" అన్నాడు ఒక కుర్రాడు, కళ్ల నిండా ఈర్ష్యతో. ఇవన్నీ మంచి కారణాలు. పదిహేడేళ్ల మనిషికి ఇంతకు మించి కారణం ఉండనక్కర్లేదు. కానీ బ్రోచర్‌లో వేయడానికి ఇవి పనికిరావని ముగ్గురికీ సీట్లు ఇవ్వలేదు.

రెండో ఏడాదికల్లా అందరి జవాబూ ఒకటే అయింది. "రాబోయేది కంప్యూటర్ యుగం. చిన్ననాటి నుండి నాకు కంప్యూటర్ అంటే ప్రాణం. ఈ రంగంలో రాణించి దేశసేవ చేయాలన్నదే నా ఆశయం." ఒకబ్బాయిని తండ్రి పేరు అడిగితే "రాబోయేది కంప్యూటర్ యుగం" అన్నాడు. ఇంకొకణ్ణి, చిన్ననాటి నుంచి ప్రాణమంటున్నావు కదా, మొదటిసారి ఎక్కడ చూశావని అడిగాను. "ఇప్పుడే మేడం, కింద అద్దాల గదిల" అన్నాడు.

ఆరా తీస్తే తెలిసింది. అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం మీద మేడ గదిలో ఇంటర్వ్యూ ట్యూషన్ నడుస్తోంది. ఏ జవాబుకు సీటొచ్చిందో ఏటా కనుక్కుని, మరుసటి ఏడాది ఆ జవాబునే బట్టీ పట్టించడం అక్కడి మాస్టరు పద్ధతి. నాకు ఆ మాస్టరు మీదా కోపం రాలేదు, పిల్లల మీదా రాలేదు. నిజం చెప్పినవాణ్ణి ఇంటికి పంపి, అప్పజెప్పినవాడికి మార్కులు వేసిన మా ముగ్గురి మీదే చిరాకేసింది. బల్లకు ఇవతల మనం ఏది కొంటామో, అవతలివాళ్లు అదే తయారు చేసి తెస్తారు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఇదే.

యాదమ్మ చెప్పిన కారణం

తొంభైల మధ్యలో ఒక ఏడాది, వరసగా దేశసేవకులు వచ్చిపోతున్న మధ్యాహ్నం, యాదమ్మ అనే అమ్మాయి వచ్చి కూర్చుంది. వాళ్లది మెదక్ వైపు ఊరు. తండ్రి పోచయ్య చాలా ఏళ్ల కిందట పని వెతుక్కుంటూ పట్నం వచ్చి, ఒక గోదాముల కంపెనీలో బస్తాలు మోసే హమాలీగా చేరాడు. అమ్మాయికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. ఎప్పటి ప్రశ్నే అడిగాం. ఆమె చెప్పాలా వద్దా అని మా ముగ్గురి ముఖాలు చూసింది.

"మా నాయన ఎప్పుడు పుట్టిండో కంప్యూటర్‌కు ఎట్ల తెలిసిందో కనుక్కుందామని సార్" అంది.

నిపుణుడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. నేను వివరంగా చెప్పమన్నాను.

"మా నాయనకు యాబై ఉంటయి మేడం. ఎక్కువుండయి. పోయినేడు కంపెనీల పిలిచి, నీకు యాబై ఎనిమిది నిండినయి, ఇగ ఇంట్ల కూసో అన్నరు. ఆయనతోపాటు ఇంకా శానమందిని గదే రోజు పంపిన్రు. మా నాయన చదువుకోలే. ఎన్నడు పుట్టిండో మా ఇంట్లనే ఎవరికి తెల్వదు. నాకు తెల్వనిది మీకెట్ల తెలుసు సారూ అని అడిగిండట. కంప్యూటర్ల గట్లనే ఉంది, మేమేం చెయ్యలేం అన్నరట."

"మరి మీ నాన్న ఏమంటున్నాడు?"

"గదే మేడం నా బాధ. ఆయన నమ్మిండు. మెషీన్ ఉత్తగ చెప్పదు బిడ్డా, నాకే యాది లేదేమో అంటుండు. మొన్నటిదాక బస్తా ఎత్తుకొని మెట్లు దబదబ ఎక్కిన మనిషి, ఇప్పుడు మోకాలు పట్టుకుని లేస్తుండు. గాళ్లు ముసలోడంటే ముసలోడైపోయిండు." కుర్చీ ముందుకు జరుపుకుంది. "అది తనంత తాను చెప్తదా, ఎవరన్న చెప్తే చెప్తదా, నాకు గది తెలవాలె."

మొదటి ఏడాది తరువాత ఆ ప్రశ్నకు బట్టీ పట్టని జవాబు వినడం నాకు అదే మొదటిసారి. కరస్పాండెంటు గారు మాత్రం ఏ కంపెనీ అని అడిగారు. ఆమె పేరు చెప్పగానే ఆయన చూపు బల్ల మీదికి దిగింది. ఆయనకు ఆ కంపెనీతో ఏదో లావాదేవీ ఉందని అప్పుడే అనుమానపడాల్సింది, కానీ నేను ఆ అమ్మాయినే చూస్తూ ఉండిపోయాను.

ఆమె బయటికి వెళ్లాక నిపుణుడు పెదవి విరిచాడు. పాజిటివ్ థింకింగ్ లేదన్నాడు. "పెద్ద కంపెనీలతోని మనకెందుకు మేడం పంచాయతి" అన్నారు కరస్పాండెంటు గారు. నేను న్యాయం, ధర్మం అని వాదించలేదు. అవి ఆయన దుకాణంలో దొరికే సరుకు కాదు. "ఈ అమ్మాయి లెక్కలు చూశారు కదా, యూనివర్సిటీ ర్యాంకు వస్తుంది. మన గేటు మీద బ్యానరు కట్టించొచ్చు" అన్నాను. ఆయన ముఖం వికసించింది. సీటు వచ్చింది. ఆ ఏటి బ్రోచర్‌లో యాదమ్మ ఫొటో కింద అచ్చయిన ఆశయం మాత్రం దేశసేవ.

ముందుకు పోవాలె గద

మొదటి ఏడాదంతా యాదమ్మ నన్ను ప్రశ్నలతో చంపింది. మెషీను లోపల సంవత్సరం ఎట్లా దాస్తారు, వయసు అది లెక్క కడుతుందా మనం చెప్తామా, తప్పు చెప్తే గుర్తుపడుతుందా అని. పాఠం ఒక్కటే ముందున్న నాకు చాలా సాయంత్రాలు ఆ అమ్మాయి వల్ల రెండు పాఠాలు చదవాల్సి వచ్చింది. మీకూ ఇట్లాంటి విద్యార్థి ఎవరైనా దొరికితే తప్పించుకు తిరగకండి. అదొక్కటే మనకు దొరికే ఉచిత శిక్షణ.

ఇక్కడ మా కాలేజీ సాయంకాలాల గురించి చెప్పాలి. క్లాసులు అయ్యాక ల్యాబులో జాబ్ వర్క్ నడిచేది. అబిడ్స్, బేగం బజార్ కంపెనీలు తమ కాగితాల్లోని పేర్లు, వయసులు, చిరునామాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని బయటికి ఇచ్చేవి. కరస్పాండెంటు గారు ఆ పని పట్టుకొచ్చి, ఏ కంపెనీదో నాకు చెప్పకుండానే, ప్రాక్టికల్ ట్రైనింగ్ అని పేరు పెట్టి, పిల్లలతో కొట్టించేవారు. ఆ పిల్లలే ల్యాబు ఫీజు కూడా కట్టేవారు. ఒకే పనికి రెండు వైపులా వసూలు చేసే ఈ విద్య ఆయనకు సుల్తాన్ బజార్‌లో కూడా సాధ్యపడలేదట. ఆ పని చూసుకోవడానికి మా దగ్గరే చదివి పాసైన కిరణ్‌ను పెట్టారు. మంచి పిల్లవాడు. ఇంటర్వ్యూలో దేశసేవ అందరికంటే గుక్క తిప్పుకోకుండా చెప్పినవాడు.

రెండో ఏడాదిలో యాదమ్మ వంతు వచ్చింది. ఆ సాయంత్రం నేను పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటున్నాను. మధ్యలో తలుపు తెరిచే ఉండడంతో వాళ్ల మాటలు వినబడుతున్నాయి. మెషీను కీచుమని కూసింది. మళ్లీ కూసింది.

"అన్నా, ఇది ముందుకు పోతలేదు" అంది యాదమ్మ. "ఈయనకు పుట్టిన తారీఖు కాడ ఏం రాయలే. ఖాళీ ఉంది."

"ఖాళీ వదిలేస్తే తీస్కోదమ్మా" అన్నాడు కిరణ్. "జూలై ఒకటి కొట్టు. సాలు ఏదన్న పాతది కొట్టు. మేము అందరికి ఒకటే కొడ్తం, తొందర అయితది."

"గట్ల కొట్టమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పుడేంది? ముందుకు పోవాలె గద."

తరువాత యాదమ్మ గొంతు చాలా నెమ్మదిగా వినబడింది. "అన్నా, గోదాముల కంపెనీ పని గిట్ల చేసిన్రా మీరు?"

"ఔ, మొత్తం మనమే కొట్టినం. నేను సెకండియర్ ఉన్నప్పుడు. హమాలోళ్లయి సగం ఖాళీలే ఉండె, యమ పరేషాన్ చేసినయి" అన్నాడు కిరణ్, పాత రోజులు తలుచుకుని మురిసిపోతూ.

యాదమ్మ లేచి నా గదిలోకి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దొరికింది మేడం" అంది. "అది తనంత తాను ఏం చెప్పలే."

జూలై ఒకటి నాకు కొత్త సంగతి కాదు. నేను పుట్టింది క్రిస్మస్ ముందు, అయినా మా మిషన్ స్కూలు హెడ్మాస్టరు నా పేరు పక్కన జూలై ఒకటే రాశాడు. బడిలో చేర్చుకునే అయ్యవార్లు ఏ ఊళ్లోనైనా చేసేది అదే. నా వయసు మనుషుల్లో సగం మంది కాగితాల మీద ఒక్కరోజే పుట్టాం. దాన్ని నేను ఎప్పుడూ నవ్వుకునే సంగతిగానే చూశాను. బడికి వెళ్లినవాడికి అది నవ్వుకునే సంగతే. కానీ బడి ముఖమే చూడని పోచయ్యకు అయ్యవారు లేడు. ఆయనకు పుట్టినరోజు పెట్టింది ఇంటికి తొందరగా వెళ్లాలనుకున్న మా సెకండియర్ పిల్లలు. ఆ సాయంత్రం నాకు మా వాళ్లందరి దేశసేవ కళ్లముందు కనబడింది.

ఒకే రోజు పుట్టినవాళ్లు

మరుసటి వారం యాదమ్మ, పోచయ్య, నేను కలిసి అబిడ్స్‌లోని ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. పోచయ్యను అదే మొదటిసారి చూడడం. జుట్టులో తెల్ల వెంట్రుక లేదు. భుజాలు తలుపు పట్టనంత ఉన్నాయి. కానీ చేతిలో కర్ర పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. "వద్దమ్మా, పెద్దోళ్లను ఎందుకు సతాయించుడు" అని నాతో రెండు మూడుసార్లు అన్నాడు.

సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, నీళ్లు ఇప్పించాడు. అంతా విన్నాక, ఎంతో సౌమ్యంగా, "కంప్యూటర్‌లో అట్లాగే ఉందండీ, మేమేం చేయగలం" అన్నాడు.

యాదమ్మ ముందుకు జరిగింది. "సార్, ఆ రోజు ఇంటికి పంపిన హమాలోళ్లందరు ఒకటే నాడు పుట్టిన్రా?"

"అయి ఉండొచ్చమ్మా. పల్లెటూళ్లలో అట్లా పుడుతుంటారు."

"గండ్ల ఎల్లయ్య కాక ఉన్నడు సార్. మా నాయనకు సొంత తమ్ముడు. కవలలైతే మా నాయనమ్మ ఇంట్ల చెప్పకుంట దాచిపెట్టిందా?" ఆఫీసరు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. "కొమురయ్య తాత ఉన్నడు. ఆయనతోపాటు ఆయన అల్లున్ని గూడ పంపిన్రు. పిల్లనిచ్చిన మామ, అల్లుడు ఒకటే నాడు పుట్టిన్రు. మీరు ముఖాలు చూడలేదా సార్?"

ఆఫీసరు పోచయ్య ముఖం వంక చూశాడు. అంతసేపూ ఎదురుగా కూర్చున్న మనిషిని ఆయన అప్పుడే మొదటిసారి చూడడం. ముఖం చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతి. రెండేళ్లుగా తెర మాత్రమే చూశారు. నీళ్ల గ్లాసు పక్కకు జరిపి, "ఎంట్రీ చేసిన ఏజెన్సీ వాళ్ల పొరపాటు అయి ఉంటుంది. ఎవరో తెలుసుకోవాలి" అన్నాడు.

"కష్టపడకండి, ఆ ఏజెన్సీ మేమే" అన్నాను.

ఆ మాటకు కాలేజీలో నాకు బాగా అక్షింతలు పడ్డాయి. "మన గిరాకీని మనమే ఖరాబు చేసుకుంటమా మేడం" అని కరస్పాండెంటు గారు మూడు రోజులు గదిలో అటూ ఇటూ తిరిగారు. నన్ను తీసేస్తానని కూడా అన్నారు. నన్ను తీసేస్తే విభాగం మొత్తం ఖాళీ అవుతుందని, అద్దాల గదిలో బొమ్మలు మాత్రమే మిగులుతాయని చెప్పాక కొంచెం చల్లబడ్డారు. ఉద్యోగంలో ధైర్యం గురించి మీకు పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్లు ఉంటారు. నా ధైర్యం వెనక ఉన్నది మాత్రం నా చోట పాఠం చెప్పడానికి ఇంకో మనిషి లేకపోవడమే.

కంపెనీ వాళ్లు అందరినీ సర్కారు డాక్టరు దగ్గరికి పంపి వయసు చూపించారు. పోచయ్యకు యాభై దాటలేదని ఆయన తేల్చాడు. పోచయ్యను, ఎల్లయ్యను, కొమురయ్య అల్లుణ్ణి, ఇంకా చాలామందిని పనిలోకి తీసుకున్నారు. కొమురయ్యకు మాత్రం నిజంగానే అరవై దాటాయని తేలింది. ఆయన యాదమ్మ కనబడినప్పుడల్లా, "అందరిని పడుచోళ్లను చేసి నన్నొక్కన్ని ముసలోన్ని చేస్తివి గదనే" అని గొణిగేవాడట.

కంప్యూటర్‌లో సరిదిద్దే రోజున మేము మళ్లీ వెళ్లాం. ఆపరేటరు పోచయ్యను పుట్టిన తేదీ అడిగాడు. పోచయ్య చేతికర్రను గోడకు ఆనించి నిలబడ్డాడు.

"మా అవ్వ చెప్తుండె సారూ. నేను పుట్టిన్నాడు వాన గొట్టి కల్లంల ఒడ్లన్ని తడిసినయట."

"తేదీ కావాలయ్యా" అన్నాడు ఆపరేటరు.

"తెలియదు అని పెట్టుండ్రి సార్" అంది యాదమ్మ.

"అట్లా తీసుకోదమ్మా. ఏదో ఒకటి చెప్పండి, ముందుకు పోవాలి కదా."

చివరికి ఏదో ఒకటి పెట్టారు. యాదమ్మ ఆ మెషీను వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. గెలిచినవాళ్ల చూపు కాదది. బయటికి వచ్చాక పోచయ్య మెట్లు దిగి, కర్ర లోపలే మరిచిపోయానని గుర్తు చేసుకున్నాడు. వెళ్లి తెచ్చుకుంటావా అని కూతురు అడిగితే, "ఎందుకు బిడ్డా" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. అబిడ్స్ రోడ్డు మీద దుమ్మని చెప్పి తుడుచుకున్నాను.

కొత్త జవాబు

యాదమ్మ ఆఖరి ఏడాదిలో జాబ్ వర్క్ కోసం కొత్త ప్రోగ్రామ్ రాసింది. పుట్టిన తేదీ దగ్గర ఏమీ లేకపోతే ఒక మీట నొక్కాలి, తెర మీద "తెలియదు" అని పడుతుంది, మెషీను కూయకుండా ముందుకు పోతుంది. వయసు లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మనిషిని అడగండి" అని చూపించి ఆగుతుంది. అంతే ప్రోగ్రామ్. పెద్ద తెలివి ఏమీ అక్కర్లేదు దానికి, కానీ అంతవరకూ ఎవరికీ తట్టలేదు. కరస్పాండెంటు గారు చూసి కంగారుపడ్డారు. "కంప్యూటర్‌కు తెలియదని మనమే చెప్తే గిరాకీ ఉంటదా మేడం" అన్నారు. యూనివర్సిటీ ర్యాంకు వచ్చింది, గేటు మీద బ్యానరూ కట్టారు. ప్రోగ్రామ్‌ను మాత్రం వాడనివ్వలేదు. యాదమ్మ దాన్ని తనతోనే తీసుకెళ్లింది, తరువాత పట్నంలోనే ఒక దవాఖానలో ఉద్యోగంలో చేరి అక్కడ పెట్టింది. పేరు చెప్పలేని స్థితిలో తెచ్చి పడుకోబెట్టిన రోగులకు అక్కడ దొంగ పుట్టినరోజులు ఉండవట.

ఆ తరువాతి ఏళ్లలో కంప్యూటర్ చదువుకు పిచ్చి గిరాకీ పట్టింది. మా గేటు దగ్గర అఫ్జల్‌గంజ్ బస్సుల దగ్గర ఉన్నంత జనం ఉండేవారు. మళ్లీ రెండువేల తరువాత ఉద్యోగాలు పోవడం మొదలైనప్పుడు, అవే నోళ్లు చిన్ననాటి నుంచి బయోటెక్నాలజీ అంటే ప్రాణం అన్నాయి. ఇంకొన్నాళ్లకు ప్రాణం మళ్లీ కంప్యూటర్ దగ్గరికే వచ్చింది. ఆ ప్రాణం అట్లా తిరుగుతూనే ఉంటుంది, మీరు బెంగపడకండి.

నా ఆఖరి ఇంటర్వ్యూల సంగతి చెప్పి ముగిస్తాను. యాదమ్మ కథ నాంపల్లి నుంచి అబిడ్స్ మేడ గదిదాకా నడిచి వెళ్లింది. సీటు తెచ్చిన జవాబు ఏదో మాస్టరుకు ఆలస్యంగానైనా తెలిసింది. ఆ ఏడు మొదట వచ్చిన అమ్మాయి కూర్చుని, గుండెల మీద చెయ్యి వేసుకుని, "మా నాన్నగారు ఎప్పుడు పుట్టారో కంప్యూటర్‌కు ఎలా తెలిసిందో తెలుసుకోవాలన్నదే నా ఆశయం" అంది. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడూ అంతే. భోజనాల వేళకు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోచయ్య కర్ర పట్టుకుని ఎక్కిన మెట్లు వీళ్లకు బట్టీ పాఠమైపోయాయి. కరస్పాండెంటు గారు మాత్రం, "ఈసారి పిల్లలకు తండ్రి మీద ప్రేమ ఎక్కువుంది మేడం" అని ముచ్చటపడ్డారు.

మధ్యాహ్నం ఒక కుర్రాడు వచ్చాడు. అదే మాట, అదే స్వరం, గుండెల మీద అదే చెయ్యి.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్నాను.

"డాక్టర్ మేడం."

"ఏం డాక్టరు?"

"కాన్పులు చేస్తరు మేడం." ఆ మాట అన్నాక ఏమన్నాడో అతనికే అర్థమై ముఖం ఎర్రబడింది.

"ఇప్పుడు ఆ చెయ్యి కిందికి దించు" అన్నాను. "నువ్వు కంప్యూటర్ ఎందుకు చదవాలనుకుంటున్నావు?"

అతను తలుపు వైపు చూశాడు. నిపుణుడి వైపు చూశాడు. మాస్టరు నేర్పినదాంట్లో ఈ తరువాతి మాట లేదు. తల వంచుకుని, "తెల్వదు మేడం" అన్నాడు.

ఆ ఏడు మొదటి సీటు అతనికి రాశాను. మిగతా ఇద్దరూ ఎంత అరిచినా మార్చలేదు. ఆ బల్ల ముందు అంతకాలం కూర్చున్నాక, యాదమ్మ తరువాత అబద్ధం కాని జవాబు చెప్పినవాడు అతనొక్కడే. బ్రోచర్ అచ్చయి వచ్చాక తెరిచి చూశాను. అతని ఫొటో కింద దేశసేవ అని ఉంది.